పేరు విప్పితే వంట తెలుస్తుంది

తమిళ వంటల పేర్లు వినగానే మనలో చాలామంది "అబ్బ, నోరు తిరగదు" అనేస్తాం. కాస్త ఓపిగ్గా ఆ పేర్లు విప్పి చూడండి. సగం వంట అందులోనే ఉంటుంది!

పొంగల్ సంగతే చూడండి. 'పొంగు' మన మాటే కదా! వెణ్ అంటే తెల్లని. బియ్యం, పెసరపప్పు మెత్తగా వండి, మిరియాలు, జీలకర్ర నేతిలో వేయించి కలిపితే వెణ్ పొంగల్. హోటల్లో 'మెదు వడ' అని రాసి ఉంటే తికమక పడకండి. మెదు అంటే మెత్తని. అవి మన మినపగారెలే. కుళి అంటే గుంట. కుళి పణియారం అంటే గుంటల పెనం మీద కాల్చే చిరుతిండి. రాయలసీమ వాళ్ళ గుంత పొంగణాలే మరి!

మిళగు అంటే మిరియం. మిరపకాయను వాళ్ళు మిళగాయ్ అంటారు, అంటే మిరియంలా మండే కాయ. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు మిరపను తెచ్చేదాకా మన దక్షిణాది వంటింట్లో ఘాటుకు మిరియాలు, పిప్పళ్ళు, అల్లమే దిక్కు. తణ్ణీర్ అంటే నీళ్ళు. ఆ మిళగు తణ్ణీరే ఇంగ్లీషు వాళ్ళ నోట పడి 'ములిగటానీ' సూప్ అయి కూర్చుంది.

వత్తల్ అంటే ఎండబెట్టినవి, మన వరుగులు. ఉస్తికాయల వరుగులతో వత్తకుళంబు చేస్తారు. ఉప్పు మజ్జిగలో ఊరి ఎండినవి కాబట్టి పులుసులో ఉప్పు తగ్గించాలి. ఇంట్లో బి.పి. ఉన్నవాళ్ళుంటే ఇది మరీ ముఖ్యం.

అమ్మాయిని చెన్నై సంబంధానికి ఇచ్చిన తల్లులు ఒక మాట తప్పక చెప్పి పంపండి. అక్కడ 'పచ్చడి' అంటే చాలాసార్లు మన పెరుగుపచ్చడి. అత్తగారు పచ్చడి చెయ్యమన్నారని కొత్తకోడలు రోట్లో పండుమిరపకాయలు వేసి నూరితే ఆ పూట భోజనం ఏం కాను? మనలా రోట్లో నూరేదాన్ని వాళ్ళు తువైయల్ అంటారు.

ఈ వారం మోర్ కుళంబు చేసి చూడండి. మోర్ అంటే మజ్జిగ. మన మజ్జిగ పులుసుకు చెల్లెలు.

కావలసినవి: పుల్లని చిక్కటి మజ్జిగ 2 కప్పులు, బూడిద గుమ్మడి ముక్కలు 1 కప్పు, శనగపప్పు 2 చెంచాలు, ధనియాలు 1 చెంచా, జీలకర్ర అర చెంచా, పచ్చిమిర్చి 3, కొబ్బరి కోరు పావు కప్పు, చిన్న అల్లం ముక్క, పసుపు, ఉప్పు. పోపుకు ఆవాలు, కాసిని మెంతులు, 2 ఎండుమిరపకాయలు, కరివేపాకు, కొబ్బరినూనె.

చేసే విధానం: శనగపప్పు, ధనియాలు అరగంట నానబెట్టి, జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లం, కొబ్బరితో మెత్తగా రుబ్బండి. పసుపు, ఉప్పు వేసి ముక్కలు ఉడికించి, ఈ ముద్ద కలిపి పచ్చివాసన పోయేదాకా ఉడకనివ్వండి. మంట తగ్గించి చిలికిన మజ్జిగ పోసి కలుపుతూ ఉండండి. అంచుల్లో నురగ లేవగానే దించెయ్యాలి. తెర్లనిస్తే విరిగిపోతుంది. పోపు పెట్టి వేడి అన్నంలోకి వడ్డించండి.

ఇకపై తెలియని వంట పేరు చెవిన పడితే, చేసే విధానంతో పాటు "ఆ మాటకు అర్థం ఏమిటండీ?" అని కూడా అడగండి. చెప్పేవాళ్ళకూ సరదా, మనకూ లాభం!