ఏ రాష్ట్రం మంచిది? ముందు అరవై రోజుల లెక్క చూడండి

అమెరికాలో మనవాళ్ళు నలుగురు కలిస్తే ఈ చర్చ రాకుండా ఉండదు. బిర్యానీ అయ్యేలోపు ఒకాయన టెక్సాస్ అంటాడు, ఇంకొకాయన నార్త్ కరోలినా అంటాడు. కాలిఫోర్నియా ఆయన మాత్రం నవ్వి ఊరుకుంటాడు (ఇల్లు 2010లోనే కొనేశాడు లెండి). చివరికి ఎవరి ఇంటిని వాళ్ళు సమర్థించుకుని కార్లెక్కుతారు.

మొదట వచ్చేది టాక్సు. "టెక్సాస్‌లో స్టేట్ టాక్స్ లేదండీ!" నిజమే, జీతం మీద లేదు. ఫ్లోరిడా, టెన్నెసీ, నెవాడా, వాషింగ్టన్‌లలో కూడా లేదు. కానీ ఆ బడులూ రోడ్లూ ఊరికే నడవవు కదా! డాలస్ చుట్టుపక్కల 5 లక్షల డాలర్ల ఇల్లు కొంటే ప్రాపర్టీ టాక్సు సుమారు 2 శాతం వేసుకోండి, ఏడాదికి 10 వేల దగ్గర తేలుతుంది. ఆలుమగల జీతాలు కలిపి లక్షన్నర ఉంటే కాలిఫోర్నియా స్టేట్ టాక్సు ఆరేడు వేలు. అలాగని కాలిఫోర్నియా చవక అనడం లేదు, ఆ 5 లక్షలకి బే ఏరియాలో ఇల్లు రాదు. పైగా 1978లో వచ్చిన ప్రపోజిషన్ 13 వల్ల, కొన్న ఇంటి మీద పన్ను లెక్క ఏడాదికి 2 శాతం మించి పెరగదు. పాతకాపులకి పండగ. కొత్తగా కొన్నవాడు పక్కింటాయన కట్టేదానికి మూడు నాలుగింతలు కట్టుకుంటూ ఆయనకి హలో చెప్పాలి. ఆరెగాన్‌లో సేల్స్ టాక్స్ లేదు, ఇన్‌కమ్ టాక్స్ మాత్రం 9.9 శాతం దాకా పోతుంది. ఏ ప్రభుత్వమైనా ఒక జేబు వదిలేస్తే రెండో జేబులో చెయ్యి పెడుతుంది.

నా ఉద్దేశంలో వీసా మీద ఉన్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. శుక్రవారం సాయంత్రం ఉద్యోగం పోతే, ఇల్లు అమ్మకుండా, పిల్లల బడి మార్చకుండా ఇంకో ఉద్యోగం దొరుకుతుందా?

హెచ్1 వాళ్ళకి 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక గడువు మహా అయితే 60 రోజులు. ఐ-94 అంతకన్నా ముందే అయిపోతే అదీ లేదు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి. ఇంటర్వ్యూలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, లాయరు కాగితాలు అన్నీ కలిపితే 60 రోజులు ఎంతో కాదు. మనదేశంలో పుట్టినవాళ్ళకి గ్రీన్ కార్డు క్యూ పదేళ్ళు దాటిపోయింది కాబట్టి, ఇది ఒక ఏడాదితో తీరే భయం కూడా కాదు.

అందుకే ఒకే పెద్ద కంపెనీ మీద బతికే ఊళ్ళంటే నాకు గుబులు. ఆర్కన్సాలో బెంటన్‌విల్, ఇల్లినాయ్‌లో బ్లూమింగ్టన్ చూడండి. మనవాళ్ళు బోలెడు మంది ఉన్నారు, ఆఫీసుకి పది నిమిషాలు, ఇళ్ళు చవక, ట్రాఫిక్ లేదు. సుఖమైన ఊళ్ళే. కానీ బ్లూమింగ్టన్‌లో ఆ ఒక్క ఇన్సూరెన్స్ కంపెనీ తలుపు మూసుకుంటే తర్వాతి తలుపు షికాగోలో ఉంటుంది, రెండుగంటల దూరంలో. ఇల్లు చవగ్గా వచ్చిందని మురిసిపోయేవాళ్ళు, దాన్ని తొందరగా అమ్ముకోవాల్సి వస్తే కొనేవాడు కూడా ఆ కంపెనీ వాడే అయి ఉంటాడని గుర్తుపెట్టుకోవాలి.

ఈ లెక్కలో నా ఓటు న్యూజెర్సీకి. నవ్వకండి. ప్రాపర్టీ టాక్సు దారుణం, 2024లో రాష్ట్ర సగటు బిల్లే 10 వేల డాలర్లు దాటింది. అయినా ఎడిసన్ దగ్గర ఉన్నవాడికి రైలెక్కితే న్యూయార్క్, కారెక్కితే ప్రిన్స్‌టన్, ఫిలడెల్ఫియా. బ్యాంకులు, మందుల కంపెనీలు, టెలికాం, అన్నీ ఒక ఇంటి నుంచే వెళ్ళిరావచ్చు. న్యూయార్క్‌లో పనిచేస్తే అక్కడ కట్టిన పన్నుకి న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తుంది. పెన్సిల్వేనియాతో అయితే ఒప్పందం ఉంది, జీతం మీద రాష్ట్రపన్ను మన రాష్ట్రానికే (ఫిలడెల్ఫియా ఊరి పన్ను వేరే, అది వదలదు). పైగా ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరునెలలకి వస్తే, ఓక్ ట్రీ రోడ్డుకి దగ్గర్లో ఉన్నవాళ్ళయినా నడుచుకుంటూ వెళ్ళి కూరలు తెచ్చుకోగలరు. డాలస్ శివార్లలో అయితే మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీలోంచి పక్కింటి గరాజు చూస్తూ కూర్చోవాలి. ఈ సంగతి ఏ "టాప్ టెన్ స్టేట్స్" జాబితాలోనూ రాదు.

కాలిఫోర్నియాకి ఒక మార్కు ఎక్కువ వెయ్యాల్సిన చోటు కూడా ఉంది. ఉద్యోగం మానేశాక ఫలానా క్లయింటు దగ్గర ఏడాదిపాటు చేరకూడదు అని మన కన్సల్టింగ్ కంపెనీలు సంతకం పెట్టించుకుంటాయి కదా, కాలిఫోర్నియా చట్టం 1872 నుంచీ అలాంటి షరతుల్ని చెల్లనివ్వదు. మినెసోటా 2023 జూలై నుంచి కొత్త ఒప్పందాల్లో నిషేధించింది. టెక్సాస్‌లో షరతు సమంజసంగా ఉంటే కోర్టులో నిలుస్తుంది. 60 రోజుల్లో మూడు వారాలు లాయరుతో పోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. స్టేట్ టాక్సులో మిగిలిన ఆరేడు వేలు ఆయన ఫీజుకి చాలవు.

డాలస్ వాళ్ళకి కోపం రావద్దు. అక్కడ కూడా కంపెనీలు బోలెడు, ఈ ప్రశ్నకి న్యూజెర్సీ తర్వాత నేను చెప్పేది ఆ ఊరే. మార్చుకోమనేది కారణాన్నే: టాక్సు లేదని కాకుండా, రెండో ఉద్యోగం పక్క ఎగ్జిట్‌లో ఉందని వెళ్ళండి.

గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు మోంటానాలో ఉంటానన్నా నాకు అభ్యంతరం లేదు. అక్కడ సేల్స్ టాక్స్ కూడా లేదు.