నల్లని మేనికి చర్మ కాన్సరు రాదా?

చర్మ కాన్సరు తెల్లవారి వ్యాధి యనియు, నల్లని మేనివారికి దానితో పనిలేదనియు మనలో ననేకులు తలంచుచున్నారు. ఇది సగము నిజము. సగము నిజమగుట చేతనే దీనిని ఖండించుట కష్టముగా నున్నది.

ముందుగా ఆ నిజమైన సగమును చెప్పుదము. ఎండలో కంటికి గానరాని అతినీలలోహిత కిరణములు గలవు. అవి చర్మపు కణములలోనికి జొచ్చి, వంశలక్షణములను మోయునట్టి డి.ఎన్.ఏ. యను పదార్థమును చెరచును. కణము ఆ చెరుపును చాలవరకు తానే సరిచేసికొనును. ఏండ్ల తరబడి దెబ్బమీద దెబ్బ తగులుచుండగా నెప్పుడో యొకప్పుడు ఆ మరమ్మతు తప్పును. అప్పుడు కణములు అదుపులేక పెరుగ నారంభించును. చర్మములోని మెలనిన్ అను నల్లని పదార్థము కణపు కేంద్రముపై గొడుగువలె గుమిగూడి యీ కిరణములను మ్రింగివేయును. మనకిది సమృద్ధిగా నున్నది, తెల్లవారికి కొరత. కావుననే ఐరోపానుండి వలసపోయినవారి సంతతి యెక్కువగా నుండు ఆస్ట్రేలియాలో ఈ వ్యాధి మిక్కిలి హెచ్చు. చొక్కా తొడుగుకొనుడు, లేపనము పూసికొనుడు, టోపీ పెట్టుకొనుడు అని 1981 లో ఆ దేశమువారు పాట కట్టి టెలివిజనులో జనులకు నేర్పిరి. వారికది తగిన పాఠమే.

అయితే మన దేశమున చర్మ కాన్సరును గూర్చి వినవచ్చు మాటలలో అధికభాగము ఆ పాఠమునకు అనువాదమే. దానిని చదివినవాడు, "ఇది మనకు గాదు" అని పుట త్రిప్పివేయును. అతని తప్పేమి? మన యిండ్లలో ఈ వ్యాధి పుట్టుచోటులను అతనికి ఎవరును చెప్పలేదు. మా ఆక్షేపణ అంతయు దీనిపైననే.

ఈ కాన్సరులో ముఖ్యమైన రకములు మూడు. పైపొర యొక్క అడుగు కణములనుండి పుట్టునది మెల్లగా పెరుగును, దూరము ప్రాకుట అరుదు. పొలుసువంటి పై కణములనుండి పుట్టునది కొంత కాలమునకు గజ్జలలోను చంకలలోను బిళ్ళలు కట్టించి లోనికి ప్రాకగలదు. మెలనిన్‌ను తయారుచేయు కణములలో పుట్టు మెలనోమా యనునది మూడింటిలోను అరుదైనది, ఘోరమైనది. తెల్లవారిలో మొదటిది హెచ్చు. మన దేశపు అనేక ఆసుపత్రుల లెక్కలలో రెండవది హెచ్చు. ఈ భేదము ఊరక వచ్చినది కాదు. మనకు ఎండకంటె నిప్పును, ఒరపిడియు, మానని పుండును ఎక్కువ శత్రువులు.

కాశ్మీరదేశమును జూడుడు. అచ్చట చలికాలమున అల్లిక బుట్టలో మట్టిపాత్ర నుంచి, దానిలో నిప్పులు పోసి, పొడుగుటంగీ లోపల పొట్టకానించి పెట్టుకొందురు. దానిని కాంగ్రీ యందురు. ఆ వేడిమి తగులు పొట్టమీదను తొడలమీదను కాన్సరు పుట్టుచున్నదని మిషను వైద్యుడైన ఎల్మ్‌స్లీ 1866 లోనే వ్రాసెను. ఆ భాగములపై ఎండ పడనే పడదు గదా!

బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రికి చెందిన ఖానోల్కరు, సూర్యాబాయి అనువారు 1945 లో ధోవతి కాన్సరును వర్ణించిరి. ప్రతిదినమును ఒక్కచోటనే బిగించి కట్టుటచే నడుము ఒరసి, నల్లబడి, పొలుసులు లేచి, పుండై, తుద కది కాన్సరగును. మగవారు చాలమంది ధోవతి మానిరి. ఆడువారి నడుమునకు లంగా బొందు మాత్రము ఇంకను తప్పలేదు. 2024 లో బ్రిటిషు వైద్య పత్రిక యొకటి వార్ధా, మధుబనీ పట్టణముల వైద్యులు వ్రాసిన యిట్టి రెండు సంగతులను ప్రకటించెను. అందొకామె 70 ఏండ్ల వృద్ధురాలు. నడుముప్రక్క పుండు 18 నెలలుగా మానలేదు. పదునెనిమిది నెలలు! ఇంటిలో నెవరికిని చెప్పుకొనలేని చోట పుండు లేచిన, మన వృద్ధ స్త్రీలు ఎంతకాలము ఓర్చుకొందురో పాఠకులకు తెలియనిది కాదు. బొందునకు మారుగా వెడల్పు పట్టీ కుట్టించుటయు, కట్టుచోటును మార్చుచుండుటయు, కొంచెము వదులుగా కట్టుటయు ఏ మాత్రము ఖర్చులేని పనులు.

కాలిన మచ్చల సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. పొయ్యిమంటకో, కిరసనాయిలు దీపమునకో బాల్యమున కాలిన చర్మము, వైద్యము లేక తానై మానినప్పుడు, బిరుసెక్కి ముడుచుకొనును. కీలు కదిపినప్పుడెల్ల పగులుచుండును. ఇరువది ముప్పది ఏండ్లకు ఆ పగులు మానని పుండగును. ఆ పుండులో కాన్సరు పుట్టును. కుష్ఠువలన స్పర్శపోయిన పాదముల దీర్ఘవ్రణములకును ఇట్టి గతి పట్టవచ్చును. కనుక పెద్ద కాలుడు గాయమునకు మొదటనే మంచి చర్మము అతికించి మాన్పుట అందమునకై చేయు పని కాదు.

ఇక మెలనోమా. నల్లనివారికి ఇది అరికాలిపైనను, అరచేతనైనను, గోటి క్రిందనైనను వచ్చుట హెచ్చు. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977 లో కాలివ్రేలి గోటి క్రింద ఇదియే కనబడెను. మొదట బంతియాటలో తగిలిన దెబ్బ యనుకొనిరి. వ్రేలు తీసివేయుట కాతడు ఒప్పుకొనలేదు. 1981 లో 36 ఏండ్ల వయసున మరణించెను.

మొదటి దశలోనే చూపినచో ఈ వ్యాధులు చాలవరకు శస్త్రముతోనే నయమగును. చుట్టును కొంత మంచి చర్మముతో సహా కోసివేయుదురు. తగినచోట కిరణ చికిత్సయు కలదు. ముదిరిన మెలనోమాకు శరీరపు రక్షణశక్తిని రేపు మందులు 2011 నుండి వాడుకలోనికి వచ్చినవిగాని, వాని వెల పేదవారికి అందునది కాదు. మన ఊళ్ళలో వైద్యునికంటె ముందు పసరు వచ్చును, వాత వచ్చును. "కత్తి తగిలిన కాన్సరు ప్రాకును" అను మాట వచ్చును. పరీక్షకై తీయు చిన్న ముక్కవలన ఈ పుండు దేహమంతట వ్యాపించునను భయము నిరాధారము. కత్తికి వెరచి గడపిన నెలలలోనే అది ప్రాకుచున్నది.

పాఠశాలలో చదువుకొను పిల్లలవలన ఇచ్చట గొప్ప ఉపకారము జరుగగలదని మా నమ్మకము. ముసలివారికి చూపు ఆనదు. వంగి అరికాలు చూచుకొనలేరు. ఇంటనున్న మనుమడో మనుమరాలో నెలకొకసారి అవ్వ తాతల పాదములను, నడుమును, పాత కాలిన మచ్చలను చూడవచ్చును. నెల దాటినను మానని పుండు, ముట్టినంతనే నెత్తురు కారు కండ, అరికాలిపై క్రొత్తగా లేచి పెరుగు నల్లమచ్చ అనుమానింపదగినవి. మనవంటి వారికి గోళ్ళపై నల్లని చారలు ఉండుట సహజమే. ఒక్క గోటిపైననే క్రొత్తగా పుట్టి వెడల్పగుచున్న చారను మాత్రము ఉపేక్షింపరాదు. ఇట్టిది కనబడిన వెంటనే పెద్దలకు జెప్పి, పసరు పూయకమునుపే జిల్లా ఆసుపత్రిలోని చర్మవైద్యునికి చూపింపవలెను.