రక్తం తీయించనిదే శవాన్ని పూడ్చొద్దు

లాకప్పులో మనిషి పోతే "జ్వరమొచ్చి పోయాడు" అంటారు. హాస్టల్లో పిల్ల పోతే "ఏదో ఇన్‌ఫెక్షన్" అంటారు. పోయింది మాలమాదిగ పల్లెల మనిషైతే అదే ఆఖరిమాట. విషముందేమో చూడమని విసెరా ల్యాబుకు పంపుతారు. జబ్బు నిజంగా ఉందా అని రక్తాన్ని అడిగేవాళ్లే తక్కువ. మనం అడగాలి.

ఒంట్లో క్రిములు పడితే లివరు సీఆర్పీ అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది 6 నుంచి 12 గంటల్లో పెరగడం మొదలై రెండు రోజులకు బాగా ఎక్కువవుతుంది. బాక్టీరియా జబ్బు ముదిరితే ప్రొకాల్సిటోనిన్ అనేది ఇంకా ముందే పెరుగుతుంది. ప్రాణం పోయాక ఇవి కొత్తగా పుట్టవు. ఒకట్రెండు రోజులదాకా శవం రక్తంలో కొలవొచ్చు. చచ్చాక పేగుల్లో క్రిములు ఒళ్లంతా పాకుతాయి. కాబట్టి క్రిమి కనబడిందని జబ్బు ఉందనలేం. ఈ కొలతలు అక్కడే అక్కరకొస్తాయి.

నాలుగు రోజులు జ్వరంతో తీసుకుని, రక్తం చెడి పోయాడన్న మనిషికి ఈ రెండూ మామూలుగా ఉన్నాయనుకోండి. ఆ కథను నిలదీయొచ్చు. రెండూ బాగా పెరిగి ఉంటే? అన్ని రోజులు ఆస్పత్రికెందుకు తీసుకుపోలేదని నిలదీయొచ్చు. జబ్బు నిజమైనంత మాత్రాన కాపలా ఉన్నవాళ్ల తప్పు మాసిపోదు.

ఒక జాగ్రత్త. దెబ్బలకూ, కాలిన గాయాలకూ కూడా సీఆర్పీ పెరుగుతుంది. లాఠీదెబ్బలు తిని మర్నాడు పోయినవాడి రక్తం చూపి "జబ్బే" అంటే ఒప్పుకోవద్దు. పెద్ద గాయాలకు ప్రొకాల్సిటోనిన్ కూడా కొంత పెరుగుతుంది. ఒంటిమీది గాయాలు, ఊపిరితిత్తుల ముక్కల పరీక్ష, ఈ రెండు కొలతలు అన్నీ కలిపి చూడాల్సిందే.

2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో ఒక దళిత స్త్రీ చనిపోయింది. హైకోర్టు చెప్పాక పూడ్చిన శవాన్ని బయటికి తీసి మళ్లీ పోస్టుమార్టం చేశారు. శవాన్ని తవ్వి తీయొచ్చు. కుళ్లిన రక్తంలో మాత్రం ఈ లెక్క తేలదు. మొదటిరోజే తీయించాలి.

కస్టడీ చావుపై మేజిస్ట్రేటు విచారణ జరపాలనీ, వీలైనంతవరకు బంధువులకు కబురుచేసి విచారణలో ఉండనివ్వాలనీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ అంటోంది. ఆ మేజిస్ట్రేటుకే కాగితం రాసివ్వండి. తొడ నరం నుంచి రక్తం తీయాలని, చల్లగా భద్రపరచాలని, ఈ రెండు పరీక్షలూ చేయించాలని రాయండి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

మార్చురీలో శవాన్ని కోసే పని చాలాచోట్ల మనవాళ్లదే. కాగితం రాసేది వేరేవాళ్లు. ఆ కాగితాన్ని ప్రశ్నించే హక్కు మనది.