గుడారం కూడా ఇల్లే

"సార్, మా నాన్న పెద్ద టెంటు కొంటానంటున్నాడు. ఎటువంటిది కొనమంటారు?" అని తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నన్నడిగాడు. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ అనంతగిరి కొండలకు వెళ్ళి రెండు రాత్రులు గడపాలని వాళ్ళ ఆలోచన. అమ్మ, నాన్న, నానమ్మ, ముగ్గురు పిల్లలు, మొత్తం ఆరుగురు. దుకాణంలో 'ఎనిమిది మంది టెంటు' ఉందట. ఆరుగురికి అది ఎక్కువే కదా అని వాడి లెక్క.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరిగా తెలియదు. వారం రోజుల తరువాత కొండాపూర్‌కు వెళ్ళివచ్చాక చెప్పాను. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

కొండాపూర్ అనగానే హైదరాబాదులోని కొండాపూర్ అనుకునేరు. నేను చెబుతున్నది సంగారెడ్డి దగ్గరి పల్లెటూరు. ఊరి పక్కన ఒక పాటిదిబ్బ ఉంది. 1940లలో నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖవారు, గులాం యజ్దానీ ఆధ్వర్యంలో దాన్ని తవ్వితే శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, ఇటుక కట్టడాలు దొరికాయి. అక్కడే మ్యూజియం కూడా ఉంది. ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో పదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని దాన్ని చూడడానికి వెళ్ళాను. టెంటు కుర్రవాడూ వచ్చాడు.

తిరుగు దారిలో రోడ్డు పక్కన ఒక షెడ్డు కడుతున్నారు. దాని గోడ వెంబడి ఏడెనిమిది నీలిరంగు గుడారాలు వరుసగా ఉన్నాయి. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో తిరిగేవారికి ఇది కొత్త దృశ్యం కాదు. ఫ్యాక్టరీలు కట్టేవారు, కాలువలు తవ్వేవారు, చెరకు కొట్టేవారు, ఇటుక బట్టీల్లో పనిచేసేవారు ఎందరో ఇటువంటి గుడారాల్లోనే కాపురం ఉంటారు. రోజూ చూస్తాం కాబట్టి చూడడం మానేశాం. ఆ రోజు మాత్రం మా కుర్రవాడు ఆగి, "సార్, ఇది ఎంతమంది టెంటు?" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట. గుడారాల్లో ఒక్కరూ లేరు. అందరూ కొంచెం దూరంలో వేపచెట్టు కింద ఉన్నారు. నారాయణఖేడ్ వైపు తండా నుంచి వచ్చిన ఒక తల్లి చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో నీడ ఉండగా చెట్టు కింద ఎందుకు ఉన్నారమ్మా అని అడిగాను. "లోపల కూసుంటే పానం పోతది సారూ. పొద్దు వంగినంక పోతం" అంది. లోపలికి వెళ్ళి చూడవచ్చునా అని అడిగితే, "చూడుండ్రి, ఏమున్నదక్కడ" అని నవ్వింది. ఒకరి ఇంటిని ప్రయోగశాలలా చూడడం నాకు ఇబ్బందిగానే అనిపించింది. అయినా వెళ్ళాం. రెండు నిమిషాల కంటే ఎక్కువ సేపు నిలవలేకపోయాం.

ఎందుకంత వేడి? ఒక లెక్క వేద్దాం. ఆ గుడారం పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గల ఒకే టార్పాలిన్ పట్టా. ఆరడుగుల ఎత్తున అడ్డంగా ఒక బొంగు కట్టి, పట్టాను దాని మీద సగానికి మడిచి, రెండు అంచులనూ నేలకు బిగించారు. అంటే ఏటవాలు తొమ్మిదడుగులు, ఎత్తు ఆరడుగులు. పైథాగరస్ సిద్ధాంతం మీకు వచ్చు కదా! ఒక్కో వైపు నేల 6.7 అడుగులు వస్తుంది. రెండు వైపులా కలిపి 13.4 అడుగులు, పొడవు 12 అడుగులు. వైశాల్యం సుమారు 160 చదరపు అడుగులు, అంటే 15 చదరపు మీటర్లు. నడినెత్తిన ఎండ కాసేటప్పుడు ఒక్కొక్క చదరపు మీటరు మీద సుమారు వెయ్యి వాట్ల సూర్యశక్తి పడుతుంది. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె కూడా దాదాపు వెయ్యి వాట్లదే. కాబట్టి ఆ గుడారం మీద పదిహేను ఇస్త్రీపెట్టెలు పెట్టి మీట నొక్కినట్టే! అందులో కొంత ప్రతిఫలిస్తుంది, కొంత గాలికి పోతుంది. మిగిలినది పట్టాను వేడెక్కిస్తుంది. వేడెక్కిన పట్టా కిందికి వికిరణం చేస్తుంది. ఆ వేడి నేరుగా మన నెత్తికి తగులుతుంది. గాలి పోవడానికి పైన సందు లేదు కనుక వేడిగాలి శిఖరం దగ్గరే నిలిచిపోతుంది.

దీనికి మందు కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. ఒక కప్పు మీద జానెడు ఎడంగా ఇంకో కప్పు వెయ్యాలి, అంతే. పై కప్పు ఎండను తన మీద వేసుకుని వేడెక్కుతుంది. మధ్యనున్న గాలి వేడెక్కి, తేలికై, పక్కల నుంచి బయటకు పోతుంది. కింది కప్పు నీడలో ఉంటుంది కాబట్టి అంతగా వేడెక్కదు. చెట్టు కింద గొడుగు వేసుకున్నవాడిని ఊహించుకోండి. ఎడం లేకుండా రెండు పట్టాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఈ లాభం చాలామటుకు పోతుంది. నమ్మకం కుదరకపోతే మీరే రెండు చెప్పుల డబ్బాలు తీసుకోండి. ఒకదానిపై ఒక ప్లాస్టిక్ షీటు వెయ్యండి. రెండోదానిపై ఒక షీటు వేసి, నాలుగు పెన్సిళ్ళు నిలబెట్టి వాటి మీద ఇంకో షీటు కట్టండి. రెండింట్లో ఉష్ణమాపకాలు పెట్టి అరగంట ఎండలో ఉంచి చూడండి.

ఈ రహస్యం పాతదే. బ్రిటిషు వాళ్ళ కాలంలో ఇక్కడి ఎండలకు తాళలేని తెల్ల సిపాయిల కోసం ఒక గుడారం రూపొందించారు. దాని పేరు ఇ.పి.ఐ.పి. మొదటి రెండక్షరాలూ యూరోపియన్ సిపాయిని, చివరి రెండూ భారతీయ నమూనాను సూచిస్తాయి. అందులో రెండు కప్పులు ఉంటాయి. ఆ పేరు, ఆ గుడారం మన దేశంలో ఇంకా వాడుకలో ఉన్నాయి. ఎన్.సి.సి. శిబిరాలకు వెళ్ళిన మీ అన్నయ్యలను అడిగితే చెబుతారు. రెండు రోజుల పోలింగు సిబ్బందికీ పది రోజుల శిబిరానికీ దొరికే రెండో కప్పు, ఏడాదంతా గుడారంలో ఉండే చంటిపిల్లకు ఎందుకు దొరకదు? నా ఫిర్యాదు ఇదే.

"అది తాత్కాలికం కదా" అని కొందరు పెద్దలు జవాబిస్తారు. ఈ 'తాత్కాలికం' అనే మాట మీద నాకు చాలా అనుమానం. ఈ షెడ్డు పని ఎనిమిది నెలలు. తరువాత మరో చోట మరో ఎనిమిది నెలలు. గుడారం తాత్కాలికమే, కాని గుడారంలో బతకడం తాత్కాలికం కాదు. ఆ తల్లి పెద్దకూతురికి పదేళ్ళు. గుడారంలో కాక ఇంట్లో పడుకున్న రాత్రులు ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది.

ఇక వైశాల్యం సంగతికి వద్దాం. విపత్తుల్లో ఇళ్ళు పోయినవారికి తాత్కాలిక వసతి కల్పించేటప్పుడు మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని స్పియర్ ప్రమాణాలు చెబుతున్నాయి. వంటకు చోటు అందులో కలపలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కుటుంబ గుడారంలో ప్రధాన గది 16 చదరపు మీటర్లు, ముందూ వెనుకా రెండు వసారాలు, పైన వేరే కప్పు. అది ఐదుగురికి. మనం చూసిన గుడారం 15 చదరపు మీటర్లు, ఉండేది ఆరుగురు. ఫరవాలేదనిపిస్తుందా? ఆగండి. త్రిభుజాకారపు గుడారంలో నేలంతా పనికిరాదు. సరూప త్రిభుజాల లెక్క వెయ్యండి. శిఖరం ఆరడుగులైతే, నాలుగడుగుల ఎత్తు దగ్గర వెడల్పు మూడో వంతే మిగులుతుంది. అంటే మీరు కూర్చుని తల ఎత్తి చదువుకోగల చోటు నేలలో మూడో వంతు. మిగతాదంతా పాకవలసిన చోటు. అందుకే నిటారు గోడలు మూడడుగులైనా ఉన్న గుడారం మంచిదంటాను.

దుకాణంలోని 'ఎనిమిది మంది టెంటు' కూడా ఇదే మోసం చేస్తుంది. మోసం అనడం కొంచెం పెద్ద మాటేమో! ఎనిమిది మంది అగ్గిపుల్లల్లా పక్కపక్కనే పడుకుంటే సరిపోతుందని దాని అర్థం. సంచులు, చెప్పులు, తాగునీళ్ళ క్యాను, రాత్రి మూడుసార్లు లేచే నానమ్మ, ఇవేవీ ఆ అంకెలో లేవు. సంచీ మీది అంకెను సగం చేసి చూసుకోమని మా కుర్రవాడికి చెప్పాను. వాడి ముఖం చిన్నబోయింది.

రాత్రిపూట ఇంకో సమస్య ఉంది. మనం నిద్రలో శ్వాస ద్వారా, చర్మం ద్వారా దాదాపు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాం. ఆరుగురుంటే లీటరున్నర. చలికాలంలో ప్లాస్టిక్ కప్పు చల్లబడినప్పుడు ఆ ఆవిరి దానికి తగిలి నీటిబొట్లుగా మారి తెల్లవారేసరికి మీద పడుతుంది. టెంటు కారుతోందని కొన్నవాడు దుకాణదారుతో తగువు పడతాడు. కారింది వాన కాదు, వాళ్ళ ఊపిరే! ఎదురెదురుగా రెండు వాకిళ్ళు, శిఖరం దగ్గర చిన్న సందు ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. నూలు కాన్వాసు అయితే కొంత ఆవిరిని బయటికి పోనిస్తుంది. వాన పడగానే దాని పోగులు ఉబ్బి సందులను మూసేస్తాయి. అరబ్బు ఎడారి సంచారుల మేకవెంట్రుకల గుడారంలోనూ ఈ చమత్కారమే ఉంది. కాని కాన్వాసు బరువు, ధర రెండూ ఎక్కువ. తడిసినదాన్ని అలాగే మడిస్తే బూజు పడుతుంది. కూలికి వెళ్ళేవారు దాన్ని ఆరబెట్టే దాకా ఆగగలరా? అందుకని వారికి టార్పాలినే తగినదని నా అభిప్రాయం. ధర ఒక్కటే చూడక తూకం వేయించి కొనాలి. మనం లెక్కవేసిన పట్టా 20 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 200 గ్రాముల రకమని చెప్పి అమ్మితే మొత్తం నాలుగు కిలోలు తూగాలి. రెండు కిలోలే తూగితే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది త్వరలోనే పెళుసుబారి చీలికలవుతుంది.

గాలి విషయంలో ఒక్క మాట. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి మన గుడారపు ఒక పక్కను సుమారు 60 కిలోల బరువుతో నెడితే, 72 కిలోమీటర్ల గాలి 240 కిలోలతో నెడుతుంది. ఏప్రిల్, మే నెలల గాలివానలు మీకు తెలిసినవే. మేకు గుడారం నుంచి బయటి వైపుకు వాలి ఉండాలి, తాడు వాలుగా దూరంగా పోవాలి. రేగడి నేలలో పొడిగా ఉన్నప్పుడు బిగిసిన మేకు వానకు వదులవుతుంది. అటువంటి చోట మేకు బదులు రాళ్ళ మూటలు కట్టడం మేలు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది కుంపటి. మన జిల్లాలోని కోహిర్ దగ్గర కొన్ని చలికాలపు రాత్రులు ఉష్ణోగ్రత 7 డిగ్రీల లోపుకు దిగుతుంది. చలికి తాళలేక బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చి, వాకిలి మూసుకుని పడుకుంటారు. బొగ్గు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే చాలా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రపోయినవారు లేవరు. అనంతగిరికి వెళ్ళే కుటుంబానికీ, షెడ్డు పక్కనున్న కుటుంబానికీ ఈ నియమం ఒక్కటే. నిప్పు బయటే ఉండాలి.

ఇదంతా ఎవరు చెయ్యాలి? భవన నిర్మాణ కార్మికులకు పని జరిగినంత కాలం ఉచితంగా తాత్కాలిక నివాసం, వంటకు, స్నానానికి వేరే చోటు, మరుగుదొడ్డి యజమానే ఇవ్వాలని 1996లో పార్లమెంటు చేసిన చట్టంలో రాశారు. తరువాత ఆ చట్టాన్ని 2020 నాటి స్మృతిలో కలిపారు. మేం చూసిన చోట యజమాని ఇచ్చింది గోడ పక్కన జాగా, పట్టా. గోడకు అవతల కట్టే షెడ్డుకు మాత్రం వేడిగాలి బయటికి పోయేందుకు కప్పు మీద గుండ్రంగా తిరిగే పంకాలు పెట్టారు. లోపల ఉంచబోయే సరుకు పాడవకుండా! అంటే ఈ శాస్త్రం అక్కడివారికి తెలియనిది కాదు.

మా పిల్లలు ఊరుకోలేదు. మరుసటి ఆదివారం పాత ఫ్లెక్సీ బ్యానర్లు రెండు సంపాదించారు. వాటి తెల్లవైపు పైకి పెట్టి, ఆ తల్లి గుడారం మీద జానెడు ఎడంగా బొంగులతో కట్టారు. శిఖరం దగ్గర రెండు చివరలా సందు వదిలారు. పొయ్యిని పది అడుగుల దూరానికి జరిపించారు, ఎందుకంటే ఫ్లెక్సీకి నిప్పు తగిలితే అసలుకే మోసం. రెండు వారాల తరువాత నేను అటు వెళ్ళినప్పుడు మధ్యాహ్నం చంటిపిల్ల గుడారంలోనే నిద్రపోతోంది. "ఇప్పుడు జర నయం సారూ. ఇంకా ఉడుకే గని, కూసోవచ్చు" అంది తల్లి.

మే నెలలో వచ్చిన గాలివానకు ఒక బ్యానరు ఎగిరిపోయిందట. జూన్‌లో వెళ్తే గుడారాలు లేవు. గోడకు సున్నం వేశారు. మా కుర్రవాడి నాన్న ఎనిమిది మంది టెంటు కొనలేదు. రెండు కప్పులున్న నలుగురి టెంట్లు రెండు అద్దెకు తీసుకున్నాడు. నానమ్మకు వాకిలి పక్కన చోటిచ్చారు.