తాత బుల్లెట్టుకు ఏ రంగు వేయాలి?

మా ఇంట్లో ఆయుధపూజకు మొదటి గుమ్మడికాయ ఎప్పుడూ తాత బుల్లెట్టుకే. కార్లు, స్కూటర్లు తర్వాత. ఆరేళ్లుగా బండి స్టార్ట్ కావడం లేదు. ఈసారి దాన్ని రోడ్డెక్కించాలని అందరం అనుకున్నాం. మా చిన్నాయన కొడుక్కి అది చాల్లేదు. "ఉత్త రిపేరేంటి? తాత గుర్తుగా, మిలిటరీవాళ్ల గుర్తుగా మాడిఫై చేయిద్దాం" అన్నాడు. షెడ్డులో ఒక బొమ్మ కూడా గీయించుకొచ్చాడు. ఆలివ్ గ్రీన్ ట్యాంకు, పక్కన తూటాల బెల్టు, గట్టిగా మోగే పొట్టి సైలెన్సర్, నంబరు పలక మీద సైన్యం బండ్లకుండే పైకి చూసే బాణం. మొత్తం 90 వేలు. అందులో ఇంజను పని 35 వేలే, మిగతాదంతా సింగారం.

వాడి ప్రేమ నిజమే. వాణ్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కానీ మన ఇళ్లలో చాలామంది కుర్రాళ్లు ఇలాంటి బండ్లే కోరుకుంటున్నారు గనక, మాకు తోచింది చెబుతాం.

మొదట చట్టం సంగతి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది రక్షణ శాఖ వాహనాలకు తప్ప వేరే ఏ బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదంటుంది. బాణం గుర్తు నంబరు పలకా సైన్యానిదే. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. మామూలు రంగు మార్చినా ఆర్టీఓ దగ్గర ఆర్సీలో రాయించుకోవాలి.

కంపెనీలకూ ఇందులో మినహాయింపు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్‌తో దింపిన 125 సీసీ 'ఫ్లయింగ్ ఫ్లీ' గుర్తుగా రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో 'పెగాసస్' అని 1000 బండ్లు చేసింది. బయటి దేశాల్లో ఆకుపచ్చది కూడా అమ్మారు. మన దేశానికి వచ్చిన 250 మాత్రం గోధుమ రంగువే. ఆ ఏడాదే సిగ్నల్స్ దళం పేరుతో తెచ్చిన క్లాసిక్ 350 కూడా నీలం, ఇసుక రంగుల్లోనే వచ్చింది.

"రంగు చూస్తేనే కదా జనం ఆగి అడిగేది? అడిగితేనే కదా తాత గురించి చెప్పేది?" అన్నాడు వాడు. మాటలో న్యాయం లేకపోలేదు. అప్పటిదాకా చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటున్న మా అవ్వ అంది: "మీ తాత పింఛనుకొచ్చినాక ఆ రంగు గుడ్డ మళ్లీ ఒంటి మీద ఏసుకోలేదురా. ఆయన తీసి పెట్టేసింది నువ్వు బండికేస్తావా?"

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

తాత ఇరవై ఏళ్లు మద్రాస్ శాపర్స్‌లో చేశాడు. 1780 నాటి దళం అది. దాని కేంద్రం ఇక్కడే, మన బెంగళూరులోనే, అలసూరు చెరువు పక్కన. ముళ్లకంచెలు పేల్చే 'బెంగళూరు టార్పిడో' 1912లో ఈ దళం ఆఫీసరు ఇక్కడే చేసింది. శాపర్ల పని వంతెనలు వేయడం, దారులు తెరవడం, మందుపాతరలు ఏరడం. తాత ఎప్పుడూ యుద్ధం కథలు చెప్పలేదు. "మేము వేసిన వంతెన మీద ఇంకొకరి లారీ దాటాల, అంతే" అనేవాడు. అలాంటి మనిషి గుర్తుకు తూటాల బెల్టు ఏం చెబుతుంది? ఆయన మోసింది పార, గునపం.

బుల్లెట్టుకు మిలిటరీ వేషం కొత్తగా వేయనక్కరలేదు కూడా. 1950ల మొదట్లో మన సైన్యం 800 బుల్లెట్లు తెప్పించుకుంది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, మద్రాసు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వచ్చింది. కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు ఉన్న ఆ పాత బండిని ఉన్నదున్నట్టు నడిపిస్తే అదే పెద్ద గుర్తు.

చివరికి మేము చేసింది ఇది. ఇంజను, వైరింగు, టైర్లు కొత్తవి. రంగు మొదటి నల్లదే. టూల్‌బాక్సు మూత మీద తాత పేరు, 'మద్రాస్ శాపర్స్', ఆయన డిశ్చార్జి బుక్కులో ఉన్న సంవత్సరాలు, తెలుగు అక్షరాల్లో చిన్నగా రాయించాం. ఆగి అడిగేవాళ్లు దానికీ ఆగుతున్నారు. మా తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు.

బండికి ఒక పని కూడా పెట్టాం. మా వీధి చుట్టుపక్కల ముగ్గురు శాపర్ల భార్యలున్నారు. కుటుంబ పింఛను ఆగకుండా ఉండాలంటే వాళ్లు ఏటా బతికున్నట్టు పత్రం ఇవ్వాలి. ఇప్పుడది ఫోన్లో ముఖం చూపించి చేసేయొచ్చు, కానీ చేసిపెట్టేవాళ్లు కావాలి కదా. పోయినేడు వాళ్లలో ఒకామె అది తెలియక రెండు నెలలు పింఛను లేకుండా గడిపింది. ఈ నవంబరులో మా తమ్ముడు బుల్లెట్టు మీద ముగ్గురిళ్లకూ వెళ్లొచ్చాడు. మిగిలిన డబ్బులో కొంత డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినానికి ఇచ్చాం.

సొంతవూరికి దూరంగా స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో ఇలాంటి బండ్లు ఎన్నో గోనెపట్టా కింద ఉన్నాయి. బాగు చేయించండి, నడపండి. షెడ్డుకు తీసుకెళ్లే ముందు మాత్రం ఆ డిశ్చార్జి బుక్కు ఒకసారి తెరిచి చూడండి, ఇంట్లో అవ్వను ఒక మాట అడగండి. ఏ రంగు వేయాలో వాళ్లకే తెలుసు.