చచ్చినవాడే ముద్దాయి



మన వీరులపాడులో గొడ్డు పోయిందంటే కేసు రాస్తారు. నందిగామ రోడ్డు మీద లారీ గుద్ది మనిషి పోతే డ్రైవరు మీద కేసు. తప్పెవరిదో తర్వాత కోర్టు తేలుస్తుంది. మరి పోలీసు తుపాకికి మనిషి చస్తే? అప్పుడూ రాస్తారండోయ్, చచ్చినవాడి మీద! పోలీసుల మీద హత్యాప్రయత్నం చేశాడట. ముద్దాయి బతికిలేడు గనక ఫైలు మూత. దీనికి మనవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు ఎన్‌కౌంటర్.

హంతక దళాలనగానే మనకు లాటిన్ అమెరికా మిలిటరీ నియంతలు గుర్తొస్తారు. నిజమే, అర్జెంటీనాలో 1976లో సైన్యం గద్దెనెక్కి వేలాదిమందిని మాయం చేసింది. కానీ 1983లో ఆ పాలన పోయింది. 1985లో ఆ జనరల్స్‌నే బోనెక్కించారు. విదేలాకు యావజ్జీవ శిక్ష పడింది. మనకు మిలిటరీ పాలన రాలేదు, రాజ్యాంగం ఉంది, కోర్టులున్నాయి. మరి ఇక్కడ బోనెక్కిందెవరు?

1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. సరిగ్గా నెలకు, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్ళు చనిపోయారు. సూరపనేని జనార్దన్, మురళీమోహన్, ఆనందరావు, సుధాకర్. జనార్దన్ వరంగల్లు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. ముందే పట్టుకుని, చెట్లకు కట్టేసి కాల్చారని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది. ఆ ఏడే ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది. లాయరు కన్నబిరాన్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిజాలు బయటికొస్తుంటే, ఇక విచారణ రహస్యంగా జరగాలని పట్టుబట్టారు. అంతటితో దాని కథ కంచికి!

కాలికట్ ఇంజనీరింగ్ కాలేజీ రాజన్‌ను 1976 మార్చిలో పోలీసులు పట్టుకుపోతే శవం కూడా దొరకలేదు. తండ్రి ఈచర వారియర్ కోర్టుకెక్కాడు, ముఖ్యమంత్రి కరుణాకరన్ దిగిపోవలసి వచ్చింది. మన దగ్గర అదీ లేదు.

అవి నక్సలైట్ల గొడవలు, మనకెందుకంటారా? 2008 డిసెంబరులో వరంగల్లులో యాసిడ్ కేసు నిందితులు ముగ్గుర్ని కాల్చారు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్ని కాల్చారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. జై కొట్టినవాళ్ళలో విద్యార్థులున్నారు, నాకు కొరుకుడు పడనిది ఇదే. "ఆడపిల్లను చంపినవాణ్ణి వదిలెయ్యమంటావా?" అని అడిగేవాళ్ళున్నారు. వదిలెయ్యమనలేదు, విచారించి శిక్షించమంటున్నాను. చంపింది వాళ్ళేనని ఏ కోర్టు తేల్చింది? ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లనీ, చంపాలనే కాల్చారనీ 2022లో సిర్పూర్కర్ కమిషన్ చెప్పింది. పూలు చల్లినవాళ్ళు ఆ రిపోర్టు చదివారా?

ప్రతి ఎన్‌కౌంటర్ చావుకూ ఎఫ్ఐఆర్, వేరే పోలీసులతో దర్యాప్తు, మెజిస్ట్రేటు విచారణ ఉండాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అది చాలదు. కేసు కాల్చినవాళ్ళ మీదే, హత్య కిందనే నమోదు కావాలి. ప్రాణరక్షణకే కాల్చామంటారా, ఆ లారీ డ్రైవరులాగే వాళ్ళూ వచ్చి కోర్టులో చెప్పుకోవాలి. మన యూనియన్ ఈ ఏడు చెయ్యవలసిన తీర్మానం ఇదీ. ప్రతిపాదించడానికి నేను సిద్ధం. బలపరిచేదెవరు?