ఉమ్మిలో పెప్సిన్

భోజనమైన గంటకు గుండెల్లో మంట, పుల్లని త్రేన్పు, తెల్లవారేసరికి బొంగురు గొంతు. ఈ బాధ లేని ఇల్లు అరుదు. ఉమ్మి పరీక్షతో ఇది తేలిపోతుందట, నిజమేనా అని ఒక సోదరి వ్రాశారు.

మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ అనే ఎంజైము పుట్టేది జీర్ణాశయంలోనే. 1836లో ష్వాన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికా పేరు పెట్టాడు. కడుపులో పుట్టినది ఉమ్మిలో కనబడితే, జీర్ణరసం పైకి వచ్చిందన్నమాటే గదా! పరీక్షకు ఆధారమిదే.

అయితే తొందరపడరాదు. ఆరోగ్యవంతులకు కూడ తిన్న తరువాత కొద్దిగా రసం పైకి రావడం సహజం. వారి ఉమ్మిలోనూ పెప్సిన్ కనబడవచ్చు. రోగికి ఆ వేళకు కనబడకపోనూవచ్చు. కనుక ఇది సాక్షియే గాని తీర్పు కాదు. సందేహం తీరాలంటే కెమేరా గొట్టంతో అన్నవాహికను చూడాలి. లేదా ముక్కుగుండా సన్నని గొట్టం వేసి 24 గంటలు ఆమ్లాన్ని కొలవాలి. ఆ కాలంలో నూటికి 6 పాళ్లకు మించి అన్నవాహికలో ఆమ్లముంటే రోగం రూఢి అయినట్లే.

మింగుడు పడకున్నా, బరువు తగ్గుతున్నా, మలం నల్లబడినా ఆలస్యం వద్దు. మంటతోపాటు చెమటలు, ఆయాసం, చేతికి ప్రాకే నొప్పి ఉంటే అది గుండెజబ్బే కావచ్చు. సోడా త్రాగి పడుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.